వంశవృక్షం గీయమంటే మా పిల్లలు ఏం గీయాలి?

చిన్న తరగతుల పరిసరాల విజ్ఞానంలో కుటుంబం పాఠం ఉంటుంది. ఆ పాఠానికి ఒక పని కూడా ఇస్తాం. చెట్టు బొమ్మ గీసి, కొమ్మల మీద తాత, నానమ్మ, అమ్మమ్మ, అమ్మ, నాన్న, పిల్లల పేర్లు రాయాలి. దాన్నే వంశవృక్షం అంటారు. చార్టు మీద గీసి, పచ్చ కాగితంతో ఆకులు కత్తిరించి అతికించి, ఫోటోలుంటే అంటించి, గోడకు తగిలిస్తే ప్రాజెక్టు పని అయినట్టే. కోయ గూడేల్లోని ప్రాథమిక బడుల్లో నేను ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. ఆ చెట్టును ఎంతమంది పిల్లల చేత గీయించానో లెక్కలేదు.

ఒక ఏడాది ఒక పిల్లవాడు చెట్టయితే గీశాడు గానీ పై కొమ్మలు ఖాళీగా వదిలేశాడు. అమ్మ పేరు, నాన్న పేరు రాశాడు. ఆ పైన ఏమీ లేదు. "తాత పేరేదిరా?" అని అడిగాను.

"నేను పుట్టకముందే పోయిండు సార్, పేరు తెల్వదు. మా గట్టు తెలుసు" అన్నాడు.

తమది ఎన్నో గట్టో చెప్పాడు. వేల్పు ఏ ఊళ్ళో ఉంటుందో, కొలుపు అప్పుడు ఏ వాగుకు తీసుకుపోయి స్నానం చేయిస్తారో చెప్పాడు. తరగతిలో తనకు అన్నదమ్ములయ్యేది ఎవరో, బావలయ్యేది ఎవరో వేలు పెట్టి చూపించాడు. పుస్తకం రెండు తరాలు అడిగితే, వాడు లెక్కకు అందనన్ని తరాల సంగతి చెప్పాడు. నేను మాత్రం "అది పాఠంలో లేదు" అని పదికి నాలుగు మార్కులు వేశాను. నేనూ కోయవాణ్ణే, నాకూ గట్టుంది. అయినా ఆ రోజు ఎర్ర సిరా పెన్ను పట్టుకున్న పంతుల్ని మాత్రమే అయ్యాను. ఆ నాలుగు మార్కులు నన్ను చాలాకాలం వదల్లేదు. ఈ వ్యాసం అక్కడి నుంచి వచ్చిందే.

గట్టు, సగ, పడిగె

మా వాళ్ళు కాకుండా ఈ వ్యాసం చదివేవాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. కోయలకు మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అని గట్టులున్నాయి. ఇంటిపేర్లన్నీ ఏదో ఒక గట్టు కిందికి వస్తాయి. ఒకే గట్టు వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా, మునుపెన్నడూ ముఖం చూసుకోకపోయినా, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. వాళ్ళలో వాళ్ళకు పెళ్ళిళ్ళు కుదరవు. ఆదిలాబాద్ రాజ్‌గోండులకు ఇలాగే నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలున్నాయి. గోదావరి పొడవునా వందల మైళ్ళ దూరంలో ఉన్న రెండు తెగల్లో ఈ లెక్కలు ఇంత దగ్గరగా ఉండటమే ఒక చరిత్ర. ఆ చరిత్ర ఏ రాతి శాసనం మీదా చెక్కి లేదు, మనుషుల వరసల్లో ఉంది.

వరసలు మరిచిపోకుండా గుర్తుచేసే మనుషులు వేరే ఉన్నారు. గోండులకు పర్ధాన్లు. కిక్రి వాయిస్తూ తమ గోండు కుటుంబాల పుట్టుక కథలు పాడతారు. కోయలకు డోలి వాళ్ళు. వాళ్ళ దగ్గర డోలితో పాటు పడిగె ఉంటుంది. పడిగె అంటే త్రికోణపు గుడ్డ జెండా. దాని మీద ఆ గట్టు మూలపురుషులు, వేల్పులు, జంతువులు బొమ్మలుగా ఉంటాయి. కొలుపు రోజు పడిగెను విప్పి, బొమ్మ తరవాత బొమ్మ చూపిస్తూ డోలి వాళ్ళు కథ చెబుతారు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ నది దాటారు, ఏ కొండ దగ్గర ఆగారు, ఎవరు ఎవరికి పిల్లనిచ్చారు, ఇవన్నీ అందులో వస్తాయి. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటి కథలు కోయలోనూ తెలుగులోనూ పాడిన మనిషి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. అలాంటి ఒక మనిషి పోతే ఎంత పోతుందో మా గూడేల్లో అందరికీ తెలుసు.

అంటే బొమ్మల మీద వంశచరిత్ర రాసుకునే పద్ధతి మాకు కొత్త కాదు. పాఠ్యపుస్తకం దాన్ని మా పిల్లలకు కొత్తగా నేర్పుతున్నానని అనుకుంటోంది.

ఇక ఆ చెట్టు బొమ్మ సంగతి. వంశాన్ని కొమ్మలు వేసిన చెట్టుగా చూపడం యూరప్‌లో చాలా పాతది. ఫ్రాన్సులోని షార్త్ర్ చర్చిలో ఏసు వంశాన్ని చెట్టుగా చూపే గాజు కిటికీ 12వ శతాబ్దం నాటిది. ఆ తరవాత రాజులూ భూస్వాములూ తమ గద్దెకు, ఆస్తికి వారసులెవరో చూపడానికి ఆ బొమ్మను వాడుకున్నారు. మన దగ్గర కూడా సంస్థానాల వాళ్ళకు, జమీందార్లకు వంశవృక్షాలున్నాయి. ఆస్తి ఎవరికి పోవాలో తేల్చడానికి ఆ బొమ్మ బాగా పనికొస్తుంది. మా గట్టు తేల్చేది వేరే. ఎవరు మనవాళ్ళు, ఎవరి ఇంట్లో చావు జరిగితే మనం పోవాలి, ఎవరికి పిల్లనివ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అన్నది. ఆ చెట్టు తప్పని నేననను. మా పిల్లలకు అదొక్కటే చాలదు.

బడి ఇంటి నుంచి ఎంత దూరం జరిగింది

ఆదివాసీ పిల్లల బడి ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం పెట్టాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి మాటలను నాగరి లిపిలో అచ్చువేసి వాచకాలు తయారుచేశారు. పంతులూ గోండే, భాషా గోండే. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటతోనే అక్షరం పట్టుకున్నాడు.

ఆ పద్ధతి నిలవలేదు. ఆ తరవాతి కాలంలో తెలుగు మాధ్యమం వచ్చింది, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. ఆశ్రమ పాఠశాల అన్నం పెట్టింది, బట్ట ఇచ్చింది, నన్ను పంతుల్ని చేసింది. ఆ మేలు మరిచిపోలేను. దాంతో పాటు జరిగిన నష్టం కూడా చెప్పాలి. ఐదారేళ్ళకు బడిలో చేరిన పిల్లవాడు పదో తరగతి దాకా హాస్టల్లోనే ఉంటాడు. భూమి పండుగ నాడు వాడు ఊళ్ళో ఉండడు. కొలుపు నాడు పరీక్షలుంటాయి. పడిగె విప్పి కథ చెప్పే రాత్రి వాడు ఇరవై మైళ్ళ అవతల స్టడీ అవర్‌లో కూర్చుని ఉంటాడు. కథ చెప్పేవాళ్ళు ఉన్నారు, వినాల్సిన వయసు పిల్లలే అక్కడ లేరు. ఎవరూ నిషేధించకుండానే మా చరిత్ర పాఠం ఆగిపోయింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో బహుభాషా విద్యా కార్యక్రమం వచ్చింది. గోండి, కోయ, కోలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో వాచకాలు చేశారు. మా కోయ మాటలను తెలుగు లిపిలో పుస్తకంలో చూసినప్పుడు పిల్లల కంటే ఎక్కువ సంబరపడ్డది తల్లిదండ్రులే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం పరిసరాల విజ్ఞానానికి ఆరు అంశాలు పెట్టారు. అందులో మొదటిది కుటుంబం, స్నేహితులు. చివరిది మనం తయారుచేసే వస్తువులు, చేసే పనులు. ఈ రెండింటినీ కలిపి చూస్తే, కుటుంబ చరిత్రను చేతిపనిగా చేయించడానికి ప్రభుత్వ పాఠ్యప్రణాళికలోనే చోటుందని తెలుస్తుంది. ఆ చోటును కాగితం ఆకులతో నింపింది మా పంతుళ్ళమే.

జానెడు గుడ్డలు

నాలుగు మార్కులు వేసిన రెండేళ్ళకు నేనొక ప్రయత్నం చేశాను. పిల్లల చేత పడిగె చేయించాలనుకుని ముందుగా మా వడ్డె దగ్గరకు పోయాను. నాకు మామ వరస అవుతాడు.

"మామా, బడిలో పిల్లలతో పడిగె కుట్టిద్దామనుకుంటున్న" అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "పడిగెను వేల్పు ఇంట్లో పెడ్తం, నీళ్ళకు తీస్కపోతం, మొక్కుతం. రేపు ప్రాజెక్టు అయినంక దాన్ని ఏడ పడేస్తరు పంతులూ?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. చార్టులన్నీ వేసవి సెలవుల్లో చెదలు పట్టి చెత్తలో పడతాయి కదా. ఆ రాత్రి కూర్చుని మేమిద్దరం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. గుడ్డ త్రికోణం ఉండకూడదు, నలుపలకగా ఉండాలి. వేల్పుల బొమ్మలు, మూలపురుషుల బొమ్మలు వేయకూడదు. పడిగెలో ఉన్న బొమ్మను చూసి దించకూడదు. ఇల్లు, పొలం, వాగు, పనిముట్టు, పంట, పశువు, ఇంట్లో మనుషులు, వాళ్ళు నడిచి వచ్చిన దారి వేయొచ్చు. దానికి పడిగె అని పేరు పెట్టొద్దు. పిల్లలు వాటికి 'ఇంటి గుడ్డలు' అని పేరు పెట్టుకున్నారు.

ఒక్కొక్కరికి జానెడు వెడల్పు పాత చీర ముక్క, ఒక సూది, నాలుగు రంగుల దారం ఇచ్చాం. రంగు గుడ్డ ముక్కలు ఊళ్ళో దర్జీ సంచీడు ఇచ్చాడు. బొగ్గు, పసుపు, జాజు పిల్లలే తెచ్చుకున్నారు. కుట్టడానికి ముందు వారం రోజులు అడగడమే పని. ఇంట్లో పెద్దవాళ్ళను మూడు సంగతులు అడిగి రమ్మన్నాను. మనం ఈ ఊరికి ఎక్కడి నుంచి వచ్చాం? ఇంట్లో అందరికంటే పాత వస్తువు ఏది, ఎవరు చేశారు? మన గట్టు వాళ్ళు ఇంకా ఏయే ఊళ్ళలో ఉన్నారు?

చెట్టు గీయించినప్పుడు పిల్లలకు పేర్లు మాత్రమే దొరికేవి. ఈసారి కథలు తెచ్చారు. ఒకడు తాత చేసిన చేపల బుట్ట కుట్టాడు. వెదురు అల్లికను దారంతో ఎలా చూపాలో తేలక మూడు సార్లు విప్పి కుట్టాడు. చివరికి వాళ్ళ నాన్నే బడికి వచ్చి బుట్ట అల్లి చూపించాడు. ఒకమ్మాయి ఇప్పచెట్టు కుట్టి, దాని కింద నలుగురు ఆడవాళ్ళను పెట్టింది. ఆ చెట్టు కింద పువ్వు ఏరుకునే హక్కు వాళ్ళ ముత్తవ్వ నాటి నుంచి తమ ఇంటిదట. ఆ హక్కు ఏ కాగితం మీదా లేదు. వలస వచ్చిన గుత్తికోయ పిల్లవాడొకడు ఉన్నాడు. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అటువైపు ఊళ్ళు ఖాళీ అయి ఎన్నో కుటుంబాలు గోదావరి ఇవతలి అడవుల్లోకి వచ్చాయి. వాడి కుటుంబం అలా వచ్చిందే. వాడి గుడ్డ మీద ఇల్లు లేదు. మూడు కొండలు, ఒక దారి, దారి మీద నెత్తిన కుండతో ఒక ఆడమనిషి ఉన్నారు. ఏమిటని ఎవరూ వాణ్ణి అడగలేదు. అందరికీ అర్థమైంది.

గుడ్డలన్నీ అయ్యాక గట్టు వారీగా పిల్లల్ని కూర్చోబెట్టి వాటిని పక్కపక్కన కుట్టించాను. అప్పుడు బయటపడింది నా తప్పు. ఒక గుంపులో కూర్చున్న పాపను చూసి, బడికి వచ్చిన వాళ్ళ అవ్వ "మా పిల్ల ఆళ్ళ కాడ ఎందుకు కూసుంది? ఆళ్ళు మాకు అన్నదమ్ములు కారు, బావలు" అంది. రిజిస్టరు తీశాను. పాప ఇంటిపేరు వేరే ఉంది. వినడానికి దగ్గరగా ఉండే ఇంకో ఇంటిపేరు రాసి ఉంది. చేర్చుకున్న రోజు ఆ పేరు రాసింది నేనే. చేతిరాత నాదే. ఆ తప్పు పేరే ఆ తరవాత మిగతా కాగితాల్లోకీ ఎక్కింది.

బయటివాళ్ళకు ఇది అక్షరదోషంలా కనిపించవచ్చు. మాకు ఇంటిపేరు మారితే గట్టు మారుతుంది. గట్టు మారితే అన్న బావ అవుతాడు, బావ అన్న అవుతాడు. హాస్టల్లో పెరిగి, కొలుపులకు దూరమై, సర్టిఫికెట్ మీద ఉన్న పేరే తన పేరనుకునే పిల్ల రేపు పెళ్ళి మాటల దగ్గర ఏం చెబుతుంది? ఆ వారమంతా రిజిస్టరు ముందేసుకుని, ఒక్కో తల్లిని పిలిచి, ప్రతి ఇంటిపేరూ సరిచూశాను. ఇంకో రెండు తప్పులు దొరికాయి. రిజిస్టరులో దిద్దడం ఒక పూట పని. మిగతా కాగితాల్లో దిద్దించడానికి ఆ తల్లిదండ్రులు చాలా రోజులు తిరిగారు, నేనూ వాళ్ళతో తిరిగాను. ఏళ్ళ తరబడి నేను గీయించిన చెట్లు ఒక్క తప్పును కూడా పట్టించలేదు. జానెడు గుడ్డలు పట్టించాయి.

చేయించే పంతుళ్ళకు

ఈ పని చేయాలనుకునే వాళ్ళకు నా అనుభవం కొద్దీ కొన్ని మాటలు చెబుతాను.

ముందు ఊరి పెద్దల దగ్గరకు పోండి. ఏది బడిలోకి రావచ్చు, ఏది రాకూడదు అన్నది వాళ్ళు చెప్పాలి. మేడారం జాతరకు చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమభరిణె రూపంలో తెస్తారు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును పెనక వంశం వాళ్ళే తెస్తారు. ఎవరు ముట్టుకోవాలి, ఎవరు మోయాలి అన్న కట్టుబాటు మాకు అంత గట్టిది. బడి ఆ గీత దాటితే ఊరు బడికి దూరమవుతుంది.

తండ్రి లేని పిల్లలు, తల్లి వదిలిపోయిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. చెట్టు బొమ్మలో ఖాళీ కొమ్మ వాళ్ళను అందరి ముందూ నిలబెడుతుంది. ఎవరు పెంచారో, ఎవరు ఏ పని నేర్పారో అడగండి. దానికి ప్రతి పిల్లవాడి దగ్గరా జవాబుంటుంది.

తరగతిలో లంబాడా పిల్లలుంటే వాళ్ళ అవ్వను పిలవండి. అద్దాలు, గవ్వలు కుట్టే ఆ పని వాళ్ళ ప్రయాణాల చరిత్ర. వేరే కులాల పిల్లలుంటే మగ్గం, సారె, కొలిమి ఏదో ఒకటి వాళ్ళ ఇళ్ళలోనూ ఉంటుంది. ఒకరి గుడ్డ పక్కన ఒకరి గుడ్డ పడాలి.

మార్కులు వేయొద్దు. కుట్టు వంకర పోయిందని తగ్గించొద్దు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ళ దగ్గర నేర్చుకోమంది. మా వైపు ఆ పనివాళ్ళు బుట్ట అల్లేవాళ్ళు, డోలి వాళ్ళు, విల్లు చేసేవాళ్ళు. వాళ్ళను బడికి పిలిచినప్పుడు పంతులుకు వేసినట్టే కుర్చీ వేయండి.

పిల్లలు తెచ్చిన మాటలను తేదీ వేసి, ఊరు పేరు వేసి, చెప్పినవాళ్ళ అనుమతితో ఒక నోటు పుస్తకంలో రాయించండి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో కొన్ని ఇళ్ళలో దాచుకున్న పాత రాతప్రతులు 2006లో వెలుగులోకి వచ్చాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఎవరో ఒక ఇంటివాళ్ళు గుడ్డలో చుట్టి దాచి ఉంచబట్టే అది సాధ్యమైంది. ఇవాళ మన పిల్లలు రాసే నోటు పుస్తకం రేపు ఎవరికి పనికొస్తుందో మనం చెప్పలేం.

ఇప్పుడే ఎందుకు

2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఒకే గట్టు వాళ్ళు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నారు. ముంపు ఊళ్ళ వాళ్ళను కాలనీలకు తరలించినప్పుడు ఇంటికి, చెట్టుకు, భూమికి లెక్కగట్టారు. వేల్పు స్నానం చేసే రేవుకు, పాత గూడెం పాదుకు, దారి పక్క మొక్కే రాయికి లెక్క ఎలా కడతారు? కాలనీలో పుట్టిన పిల్లలకు అవి చూపించడానికి ఉండవు. చూసినవాళ్ళు ఉన్నప్పుడే, ఆ పిల్లలు అడిగి, తమ చేతులతో కుట్టుకోవాలి. గుడ్డ మీద ఉన్న వాగు నీళ్ళివ్వదు. అయినా ఆ వాగు పేరేమిటో, ఏ పక్కన తమ ఊరుండేదో ఆ పిల్ల తన పిల్లలకు చెప్పగలుగుతుంది.

నాలుగు మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మొన్న కొలుపుకు వచ్చాడు. డోలి పెద్దాయన పక్కన కూర్చుని, ఆయన ఒప్పుకున్నంత వరకు, ఆయన చెప్పిన పేర్లన్నీ రాసుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వి, "సార్, మా తాత పేరు దొరికింది" అన్నాడు. నేను ఆ పాత చార్టు సంగతి ఎత్తి, నాదే తప్పని చెప్పాను. వాడికి ఆ మార్కులు గుర్తే లేవు. నాకే గుర్తున్నాయి.